గేటు దాకా ట్రాలీ

దోహాలో, అబూ హమూర్‌లో కొత్తగా తెరిచిన ఒక హోటల్ ముందు మా అమ్మాయి కారాపి, "అమ్మా, ఇక్కడ అచ్చం పాతకాలంలా ఉంటుంది, చూద్దువుగాని దిగు" అంది. ఆ పాతకాలంలో ఈ ఊళ్ళోనే తనని చంకనేసుకుని తిరిగినదాన్ని నేను. అది ఎలా ఉండేదో ఇప్పుడు నాకు తను చూపిస్తుందన్నమాట. పిల్లల ముచ్చట కాదనడమెందుకని దిగాను.

పాతకాలమంటే ఏమిటయ్యా అంటే రెండు లాంతర్లు, ఒక బండి చక్రం, గోడకి వేలాడదీసిన చేపల వల. వాటి వెనకాల సిమెంటు దిమ్మ మీద ఒక ట్రాలీ. పట్టాల మీద కరెంటుతో నడిచే ఒంటిపెట్టె బండి. నేనెరిగిన రోజుల్లో పసుపుపచ్చగా ఉండేది, ఇప్పుడు ఎర్ర రంగు పులిమారు. లోపల బల్లలు తీసేసి మేజాలు వేశారు. అందులో కూర్చుని టీ తాగాలంటే ముందుగా ఫోన్ చేసి చెప్పుకోవాలట. పక్కనే దాని చరిత్ర బోర్డు మీద రాసి పెట్టారు. ఏ దేశంలో తయారైంది, ఎవరు తెప్పించారు, ప్రారంభోత్సవానికి ఎవరెవరు వచ్చారు, మేనేజరు ఎవరు, అన్నీ ఉన్నాయి. మేనేజరు ఫోటో కూడా ఉంది. నడిపిన మనిషి ఊసే లేదు. చదివినవాళ్ళు ఆ బండి మేనేజరును చూసి భయపడి తనంతట తానే కదిలేదనుకోవాలి కాబోలు.

బోర్డులో లేనిది నాకు తెలుసు గనక చెబుతున్నాను.

అసలు ఆ పార్కు పుట్టుకే తలకిందులు. వేరే దేశాల్లో ముందు ఊరుండేదట, ఊళ్ళో ట్రాలీలుండేవట. సెలవు రోజున బళ్ళు ఖాళీగా తిరుగుతున్నాయని ఆ ట్రాలీల వాళ్ళే లైను చివర ఒక పార్కు కట్టి జనాన్ని ఎక్కించుకునేవాళ్ళట. మా దోహా పెద్దమనిషి ఎవరో అది చూసొచ్చాడు. చమురు డబ్బు చేతిలో నిలవక జనం ఏం కట్టాలా అని వెతుక్కుంటున్న రోజులవి. ఊరవతల సముద్రం వైపు, ఇసకలో, ముందు పార్కు కట్టేశారు. పార్కున్నాక ట్రాలీ ఉండాలి గదా అని లైను వేశారు. ట్రాలీ ఉన్నాక ఎక్కేవాళ్ళు ఉండాలన్న సంగతి అన్నిటికన్నా ఆఖర్న గుర్తొచ్చింది.

దాని ప్రయాణం రోడ్డు పక్కన కార్లు ఆపే మైదానం నుంచి పార్కు గేటు దాకా. అంతే. కార్లున్నవాళ్ళు మైదానంలో ఆపితే గదా ఎక్కడం! కొత్త కారు నలుగురూ చూడాలని తిన్నగా గేటు ముందుకే తోలుకుపోయేవారు. ఇంక ట్రాలీ ఎక్కేది సెలవు రోజైన శుక్రవారం నాడు బస్సు దిగి వచ్చే కూలీల క్యాంపు కుర్రాళ్ళు. శుక్రవారం పార్కు ఫ్యామిలీలకు మాత్రమే. బ్యాచిలర్లు మిగతా రోజుల్లో నిక్షేపంగా రావచ్చు, ఆ రోజుల్లో వాళ్ళకు డ్యూటీ. గల్ఫ్‌లో బ్యాచిలర్ అంటే పెళ్ళి కానివాడని మీరు పొరబడేరు. భార్యాబిడ్డలు ఊళ్ళో ఉండి, తను క్యాంపులో ఉన్నవాడు బ్యాచిలర్. మదీనత్ ఖలీఫాలో మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పెళ్ళికాని మా మరిది మాత్రం ఫ్యామిలీయే.

అలాంటి ట్రాలీకి డ్రైవరు అతను. సిరిసిల్ల దగ్గర పల్లె. పట్టాలు వేసే కూలీగా వచ్చాడు. మొదటి డ్రైవరును కోటుతో సహా విదేశం నుంచే తెప్పించారు. ఆయన మే నెల ఎండ ఒక్కటి చూసి, కోటు విప్పి సీటు మీద పడేసి విమానం ఎక్కేశాడు. పట్టాల మీద ఇసక ఊడుస్తున్న ఇతన్ని పిలిచి ఆ కోటు తొడిగారు. అది ఆరడుగుల మనిషి కొలత. ఇతనేమో నా భుజం దాటి ఒక వేలెడు ఎక్కువ. చేతులు మడుచుకుని, కింది అంచు మోకాళ్ళకు తగులుతుండగా, ఇత్తడి గుండీలు మెరిపించుకుంటూ హ్యాండిల్ దగ్గర నిలబడితే, మేనమామ పెళ్ళికి మేనమామ కోటే వేసుకెళ్ళినవాడిలా ఉండేవాడు. "ఉక్క పొయ్యడం లేదా?" అని అడిగితే, "పెండ్లిల ఉడుకుతున్నదని పెండ్లికొడుకు అంగీ ఇడుస్తడా అక్కా?" అనేవాడు.

అతన్ని నేను మొదట చూసింది మా ఆయన చలవ వల్ల. మా ఆయన ఒక కంపెనీలో అకౌంటెంటు. ఇంగ్లీషు వాడొకడు దేశం వదిలి వెళ్తూ అంటగట్టిన కారు కొన్నారు. అది మంచి కారేనని ఇప్పటికీ ఆయన వాదన. పిల్లల్ని పార్కుకు తీసుకెళ్తుంటే రోడ్డు దిగగానే పొగలు కక్కి ఆగిపోయింది. అలా ఆ మైదానంలో ట్రాలీ ఎక్కిన మొదటి ఫ్యామిలీ మాదేననుకుంటాను.

బండి నిండా కుర్రాళ్ళు. తలంటుకుని, నూనె రాసి దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని పెళ్ళివారిలా కూర్చున్నారు. మమ్మల్ని చూసి ముందు బల్ల ఖాళీ చేశారు. అతను హ్యాండిల్‌ను రెండు చేతులా తాకి కళ్ళకద్దుకున్నాడు. గంట కొట్టాడు. బండి కదిలింది. అటూ ఇటూ ఇసక తప్ప పురుగు లేదు. సగం దూరంలో ఒక ఒట్టి కరెంటు స్తంభం వచ్చింది. బండిని నెమ్మది చేసి అతను గొంతెత్తాడు.

"కామారెడ్డీ... కామారెడ్డీ! చాయ్ తాగెటోళ్ళు దిగున్రి. అయిదు నిమిషాలే ఆగుతది!"

కుర్రాళ్ళంతా ఈలలు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. అతను ఠక్కున వెనక్కి తిరిగాడు.

"తెలుగోళ్ళా? గట్ల చెప్పకపోతివి అక్కా!"

మాది గుంటూరు వైపు. ముక్కూ మొహం తెలియని మగవాడు నన్ను 'నువ్వు' అనడం పుట్టి బుద్ధెరిగి అదే మొదలు. ఆఫీసరు భార్యనన్న పరువు ఒకటి ఏడ్చింది గదా, మూతి బిగించాను. అతనికి పట్టలేదు. మైదానం సికింద్రాబాద్ అని, స్తంభం కామారెడ్డి అని, గేటు నిజామాబాద్ అని నాకు విడమర్చి చెప్పాడు. నిజామాబాద్ రాగానే, "దిగుడు లేదు, గేటు బంద్! బండి మళ్ళ సికింద్రాబాద్ పోతది!" అని అరిచాడు. మేం దిగాం. కుర్రాళ్ళు ఎవరూ దిగలేదు. గేటు కమ్మీల్లోంచి లోపల తిరుగుతున్న రంగులరాట్నాన్ని మెడలు సాచి చూశారు. బండి వెనక్కి కదిలింది.

సాయంత్రం మేం బయటికొచ్చేసరికి కూడా అలాగే తిరుగుతున్నారు. రూలు గేటుకుంది గాని బండికి లేదు. అందుకని గేటు దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి పోయి, మళ్ళీ గేటు దాకా వచ్చి, అదే పార్కనుకుని శుక్రవారం గడిపేవాళ్ళు. కామారెడ్డి కామారెడ్డి అని ఏమిటా అరుపని మేనేజరు అడిగితే, మా భాషలో జాగ్రత్తలు చెబుతున్నానన్నాడట. మేనేజరు తెల్లదొర. జాగ్రత్తలంటే ప్రాణం పెట్టే మనిషి. చాలా సంతోషించి భుజం తట్టాడట.

ఆ సీటంటే అతనికి ఎంత పిచ్చో తర్వాత తర్వాత తెలిసింది. ఊళ్ళో అతనికి 'బొంబాయి వాపస్' అని పేరు. ఏజెంట్ల చేతిలో మోసపోయి రెండుసార్లు బొంబాయి దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. మామగారు ఎదురుపడితే ముఖం తిప్పుకునేవాడు. ఇప్పుడు ఆ మామగారే 'మా అల్లుడు దుబాయ్‌ల రైలు నడుపుతడు' అని అడిగినవాడికీ అడగనివాడికీ చెబుతున్నాడు. కతార్ అని ఎంత చెప్పినా వాళ్ళకు అది దుబాయే. ట్రాలీ అని ఎంత చెప్పినా అది రైలే.

"మొన్న సెలవుల పోతే మామ లేచి కుర్చీ ఏసిండు అక్కా" అన్నాడొకసారి. "ఈ సీటు పోయిందనుకో, ఇగ నేను ఊరికి పోను. ఈడనే ఇసుకల బొంద తీసుకొని పండుకుంట."

నవ్వుతూనే అన్నాడు గాని కళ్ళలో నవ్వు లేదు. అప్పటికి నేనూ 'మీరు' మానేసి 'నువ్వు'లోకి దిగాను. తమ్ముడా అని పిలవడమూ అలవాటైపోయింది. మా కారు బాగైనా కూడా, దాన్ని మైదానంలోనే వదిలి ట్రాలీ ఎక్కేవాళ్ళం. అది మంచి కారని మా ఆయన అన్నా సరే.

ఒక శుక్రవారం వెళ్ళేసరికి బండికి బోర్డు వేలాడుతోంది. అరబ్బీలో, ఇంగ్లీషులో. కుర్రాళ్ళంతా కింద నిలబడి ఉన్నారు. మేనేజరు నీడలో చేతులు కట్టుకుని ఉన్నాడు. డ్రైవరు నా దగ్గరికొచ్చి, "ఏం రాసిన్రు అక్కా?" అన్నాడు.

"ఫ్యామిలీలు మాత్రమే ఎక్కాలట."

"ఫ్యామిలోళ్ళు ఎన్నడు ఎక్కిన్రు? మీరొక్కలే గద."

గేటు దగ్గర బ్యాచిలర్లు కనబడుతున్నారని కారులో వచ్చే ఫ్యామిలీ ఎవరో కంప్లయింట్ ఇచ్చారట. ట్రాలీ ఎక్కనివాళ్ళ సుఖం కోసం ట్రాలీ ఎక్కేవాళ్ళని దింపారు. ఇకమీదట బ్యాచిలర్ ఒక్కడు కనిపించినా డ్రైవరు మళ్ళీ పార పట్టుకోవలసిందేనని మేనేజరు తేల్చి చెప్పేశాడు. డ్రైవరు మడిచిన కోటు చేతుల్ని విప్పుతున్నాడు, మళ్ళీ మడుస్తున్నాడు. ఖాళీ బండి చూశాను, ఎండలో ఇస్త్రీ చొక్కాలు చూశాను. నాకు ఒళ్ళు మండింది.

"రండి రా, ఎక్కండి" అన్నాను.

మేనేజరు పరుగున వచ్చాడు. "మేడమ్, వీళ్ళెవరు?"

"నా తమ్ముళ్ళు" అన్నాను ఇంగ్లీషులో.

"అందరూనా?"

"మా అమ్మ చాలా ఓపిక గలది."

మేనేజరు డ్రైవరు వంక తిరిగి, ఈమె నీకేమవుతుందని అడిగాడు. "అక్క" అన్నాడతను, తడుముకోకుండా. ఒక్కొక్కణ్ణీ అడిగాడు. అందరూ అక్కే అన్నారు. అది అబద్ధం కూడా కాదు, అన్నాళ్ళుగా నన్ను వాళ్ళు పిలిచేది అలాగే. వరసలో ఆఖర్న ఉమ్ ఘువైలినాలో బట్టలు కుట్టే హైదరాబాదీ ఉన్నాడు. జుమ్మా నమాజు నుంచి నేరుగా వచ్చాడేమో, నెత్తిన టోపీ అలాగే ఉంది. "ఆపా హై సాబ్, మేరీ సగీ ఆపా" అన్నాడు, తోడబుట్టిన అక్కేనని గుండె మీద చెయ్యి వేసుకుని. మేనేజరు ఆ టోపీ చూశాడు, నా బొట్టు చూశాడు.

"మాది పెద్ద కుటుంబం" అన్నాను.

మా ఆయన అంతసేపూ సముద్రం వైపు చూస్తున్నారు. అప్పుడు మాత్రం నా చెవి దగ్గరికి వంగి, "ఈ సంగతి మీ అమ్మగారికి రాశావా?" అన్నారు.

మేనేజరు రూలు మనిషి. రూలుకు లోబడి ఎంత అన్యాయమైనా చేయగలడు, రూలుకు లోబడి వస్తే ఎంత అబద్ధాన్నైనా ఒప్పుకోగలడు. కాసేపు ఆలోచించి, మేడమ్ బండిలో ఉన్నంతసేపూ ఇది ఫ్యామిలీ కిందికే వస్తుందని తీర్పు చెప్పాడు. మేడమ్ దిగితే అందరూ దిగాలి.

దాంతో ఆ చలికాలమంతా నాకు శుక్రవారం డ్యూటీ పడింది. పిల్లలూ మా ఆయనా లోపల రంగులరాట్నం ఎక్కేవాళ్ళు. నేను ముందు బల్ల మీద కూర్చుని సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ దాకా, నిజామాబాద్ నుంచి సికింద్రాబాద్ దాకా. ఊరికే కూర్చోవడమెందుకని సంచీలో చిక్కుడుకాయలు తెచ్చుకుని ఈనెలు తీసేదాన్ని. రెండో వారానికి నా చేతిలో కాయ మిగల్లేదు. వాళ్ళే లాక్కుని ఒళ్ళో పోసుకుని, ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎలా వండుతారో, పెద్దమ్మ ఎలా వండేదో ఒకరి మాట మీద ఒకరు చెప్పుకుంటూ తీసేవాళ్ళు. చిక్కుడుకాయలో నువ్వులపొడి వెయ్యాలా కూడదా అని సిరిసిల్లకీ జగిత్యాలకీ కొట్లాట వచ్చి బండి ఆపవలసి వచ్చింది. డ్రైవరు హ్యాండిల్ వదలకుండానే వెనక్కి తిరిగి, "నువ్వులు లేకుంట అది కూరనా, పశువుల దాణా" అని తీర్పిచ్చాడు. ఈ దేశంలో నేనున్న అన్నేళ్ళలో అంత సంతోషంగా ఉన్న రోజులు మళ్ళీ లేవు. ఇంటికి చుట్టాలొచ్చినట్టుండేది.

జూన్‌లో స్కూళ్ళకు సెలవులిచ్చారు. పిల్లల్తో గుంటూరు ప్రయాణం. వెళ్ళే ముందు అతనికి గట్టిగా చెప్పాను.

"నేను ఆగస్టులో వచ్చేస్తాను. అందాకా ఒక్కణ్ణీ ఎక్కించకు. ఎవరు బతిమాలినా సరే. నీ సీటు జాగ్రత్త తమ్ముడూ."

"నాకెరుక లేదా అక్కా? నువ్వు నిమ్మళంగ పోయిరా" అన్నాడు.

తిరిగొచ్చి వెళ్తే హ్యాండిల్ దగ్గర వేరే మనిషి. కోటు సరిగ్గా సరిపోయింది. బండి మొత్తానికి మేమే ఫ్యామిలీ. స్తంభం వచ్చింది, పోయింది, ఎవరూ గొంతెత్తలేదు. మా చిన్నది, "కామారెడ్డి రాలేదేం?" అని రెండుసార్లు అడిగింది.

మేనేజరు గేటు దగ్గర ఎదురొచ్చి మరీ చెప్పాడు. నేను వెళ్ళిన తర్వాత వచ్చిన శుక్రవారం సాయంత్రమే డ్రైవరు తమ్ముళ్ళందర్నీ ఎక్కించుకున్నాడట. దింపమన్నాడట ఈయన. ఆఖరిసారి చెబుతున్నాను, దింపితే నీ ఉద్యోగం నీకుంటుందని కూడా అన్నాడట. అతను కోటు విప్పి, చేతులు లోపలికి మడిచి, సీటు మీద పెట్టి దిగిపోయాడట. "మంచి పనివాడు. ఎందుకలా చేశాడో నాకిప్పటికీ అర్థం కాదు" అన్నాడు మేనేజరు. పాపం, నిజంగానే అర్థం కాలేదు.

నాకు కోపం వచ్చింది. మేనేజరు మీద కాదు, అతను ఎప్పుడూ అంతే. మా వాడి మీద. చిలక్కి చెప్పినట్టు చెప్పి వెళ్ళానే! ఎక్కడున్నాడని హైదరాబాదీ దర్జీకి ఫోన్ చేసి అడిగితే, మా కొట్టు సందులోనే ఉన్నాడన్నాడు. మర్నాడు మా ఆయన చేత కారు తీయించి ఉమ్ ఘువైలినా వెళ్ళాను. సందు పొడుగునా పైపుల కోసం తవ్విన గొయ్యి. అందులో గుండెల లోతున నిలబడి తవ్వుతున్నాడు. మట్టికొట్టుకుపోయి మొహం ఆనవాలు పట్టలేకపోయాను. అతనే నన్ను పోల్చుకున్నాడు.

"అక్కా! ఎప్పుడొచ్చినవ్? మేనకోడండ్లు మంచిగున్నరా?"

"మేనకోడళ్ళ సంగతి తర్వాత. నీకు బుద్ధుందా?" అన్నాను. సందులో జనం తిరిగి చూశారు, చూడనీ. "ఒక్కణ్ణీ ఎక్కించకన్నానా లేదా? ఒక్క రెండు నెలలు వాళ్ళు ఆ బండి ఎక్కకపోతే కొంప మునిగిపోతుందా? ఊళ్ళో మీ మామకేం చెబుతావిప్పుడు?"

తల వంచుకుని విన్నాడు. మామ మాట వచ్చినప్పుడు మాత్రం ఒకసారి కళ్ళు మూసుకున్నాడు.

"ఎక్కియ్యద్దనే అనుకున్న అక్కా. అల్లా కసం, ఎములాడ రాజన్న తోడు. బస్సు దిగి అచ్చిన్రు. అక్క లేదురా, పోన్రి అన్న. సరేనని ఆడనే ఎండల నిలబడ్డరు. ఒక్కడు మాటనలే. బండి ఖాళీగ తోలుకపోయిన, ఖాళీగ తోలుకొచ్చిన. ఇగ నాతోని గాలే, ఎక్కున్రి అన్న. దొర ఉరికచ్చిండు. మేడమ్ లేదు, ఈళ్ళు ఇప్పుడు ఆమె తమ్ముళ్ళు గాదు, దింపు అన్నడు."

పారను మట్టిలో గుచ్చి, తలెత్తి నా మొహంలోకి చూశాడు.

"నువ్వు ఊరికి పోతే తమ్ముళ్ళు తమ్ముళ్ళు గాకుంట పోతరా అక్కా? నువ్వే చెప్పు."

నిజంగానే అడిగాడు. నేను చెప్పేదాకా తవ్వడం ఆపి నిలబడ్డాడు.